తరగతిలో సినిమా వేయొచ్చా? పిల్లల ఫోన్లకు పంపొచ్చా?

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం చుట్టుపక్కల బడుల్లో తెలుగు పిల్లల పక్కనే వలస కార్మికుల పిల్లలూ కూర్చుంటారు. మాటల్లో అందని పాఠం సినిమాతో ఇట్టే అర్థమవుతుంది. మరి కాపీరైట్ సంగతేంటి? చట్టం దృష్టిలో చూపించడం వేరు, పంపడం వేరు.

చూపించడానికి పెద్దగా ఇబ్బంది లేదు. కాపీరైట్ చట్టం-1957లోని సెక్షన్ 52(1)(జె) ప్రకారం, విద్యాసంస్థ కార్యకలాపాల్లో భాగంగా సినిమా వేస్తే ఉల్లంఘన కాదు. అయితే చూసేవాళ్లు సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సంస్థ పనులతో సంబంధమున్నవాళ్లే అయి ఉండాలి. కాలనీ మొత్తాన్ని పిలిచి తెర కడితే ఈ మినహాయింపు వర్తించదు. కార్మికుల శిక్షణకు సినిమా వేసే ఫ్యాక్టరీలు కూడా దీన్ని నమ్ముకోకుండా హక్కుదారు అనుమతి తీసుకోవడం మంచిది.

చిక్కంతా వాట్సాప్ గ్రూపుతోనే. బోధనలో భాగంగా టీచరు గానీ విద్యార్థి గానీ కాపీ తీసుకోవడానికి 52(1)(ఐ) వీలిస్తుంది. ఢిల్లీ యూనివర్సిటీ ఫొటోకాపీ కేసు గుర్తుందా? ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ప్రచురణ సంస్థలు 2012లో వేసిన ఆ కేసులో, బోధన అంటే తరగతి గదిలో చెప్పే పాఠం ఒక్కటే కాదని 2016లో ఢిల్లీ హైకోర్టు స్పష్టం చేసింది. కానీ ఆ తీర్పు పుస్తకాల పేజీల గురించి. దాన్ని చూపి కొత్త సినిమా మొత్తాన్ని గ్రూపులో పెట్టడం సాహసమే. పాఠానికి అవసరమైన పది నిమిషాల ముక్క పంపితే, బోధన కోసమేనని సమర్థించుకోవడం తేలిక. పైరసీ సైట్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. కాపీ కాకుండా వేసిన డిజిటల్ తాళాన్ని ఉల్లంఘన ఉద్దేశంతో తీస్తే సెక్షన్ 65ఏ కింద రెండేళ్ల వరకు జైలు.

మీ సొంత ఓటీటీ ఖాతాతో వేస్తారా? చట్టం ఒప్పుకున్నా, ఆ ఖాతా షరతులు సాధారణంగా వ్యక్తిగత వినియోగానికే. కొన్ని డాక్యుమెంటరీలకు మాత్రం నెట్‌ఫ్లిక్స్ విద్యా ప్రదర్శన అనుమతి ఇస్తోంది.

పాత సినిమాలైతే మరింత సులువు. విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లకు సినిమా కాపీరైట్ ముగుస్తుంది. 1957 నాటి ‘మాయాబజార్’కు 2017తో ఆ గడువు తీరింది. 2010లో వచ్చిన రంగుల వెర్షన్ లెక్క వేరు. పాటల హక్కులైతే రాసినవారు, స్వరపరచినవారు మరణించాక కూడా 60 ఏళ్లు ఉంటాయి.

టీ-శాట్ పాఠాలు యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫైలు దించి పంపకుండా లింకు పంపండి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ నాన్నతో పాటు షిఫ్టుకు వెళ్లిపోయే పిల్లల కోసం, మళ్లీ తరగతిలోనే వేయండి.