పందెం పడవకు పదును పెట్టే చేతులు

అమెరికాలో ఆక్టురా అనే చిన్న సంస్థ పోతపోసే ప్రొపెల్లర్లకు ఎక్స్440, ఎక్స్442 లాంటి పేర్లుంటాయి. రేడియోతో పందెం పడవలు నడిపేవాళ్లకు ఈ అంకెలు కంఠతా వచ్చు. చివరి రెండంకెలు మిల్లీమీటర్లలో వ్యాసం. వాటి ముందున్న నాలుగు, పిచ్ వ్యాసానికి 1.4 రెట్లని చెబుతుంది. అంటే ఎక్స్440 ఒక చుట్టు తిరిగితే, నీరు ఏమాత్రం జారకపోతే, పడవ 56 మిల్లీమీటర్లు ముందుకు పోవాలి. లెక్క ఇంత కచ్చితంగా ఉన్నా, బెరీలియం కలిపిన రాగితో పోసిన ఆ ముక్కను కొన్నది కొన్నట్టు పడవకు బిగించరు. పోత గరుకు అలాగే ఉంటుంది, అంచులు మొద్దుగా ఉంటాయి, రెండు రెక్కల బరువూ ఒకటి కాదు. నిమిషానికి 20,000 చుట్లు తిరిగే చోట ఆ కాస్త తేడాకే షాఫ్టు అదిరిపోతుంది, బేరింగులు అరిగిపోతాయి. కాబట్టి ఎవరో ఒకరు ఆకురాయి, ఎమరీ పేపరు పట్టుకుని దాని ముందు కూర్చోవాలి.

ఆ పని తెలిసినవాళ్లు కొద్దిమందే. పందెం పడవ కావాలనుకున్నవాడు బయానా ఇచ్చి, నెలల తరబడి వంతు కోసం ఎదురుచూసి మరీ వాళ్ల చేత చేయించుకుంటాడు. అంగట్లో తయారు పడవలు దొరికే ఈ రోజుల్లోనూ ఈ వృత్తి నిలిచి ఉండటానికి కారణం దాని చరిత్రలోనే ఉంది. ఫ్యాక్టరీలు ఒక్కో భాగాన్నీ సిద్ధం చేసి అమ్మడం మొదలుపెట్టినప్పుడల్లా చేతిపని మాయమైపోలేదు, ఇంకో భాగానికి జరిగింది.

1898 ఈ కథకు రెండు విధాల మొదటి సంవత్సరం. ఆ ఏడాది న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో నికోలా టెస్లా ఒక నీళ్ల తొట్టిలో చిన్న పడవను తీగ లేకుండా నడిపి చూపించాడు. సంకేతాన్ని పట్టుకునే సాధనం లోహపు రజను నింపిన గొట్టం. తరంగం తగిలితే రజను దగ్గరపడి కరెంటు పారుతుంది, ఆ వెంటనే గొట్టం తిరగబడి రజనును మళ్లీ విడదీస్తుంది. చూడవచ్చిన జనం పడవనే ప్రశ్నలడిగారనీ, 64కు ఘనమూలం ఎంతని ఒకరడిగితే పడవ దీపాలు నాలుగుసార్లు వెలిగాయనీ చెబుతారు. ఆ నవంబరు 8న అమెరికా పేటెంటు 613,809 టెస్లా చేతికొచ్చింది. కాయిల్సు, రిలేలు, చుక్కాని తిప్పే మోటారు అన్నీ ఆయన ప్రయోగశాలలో పుట్టినవే. రేడియో పడవల్లో మొదటిదే ఆ విధంగా ఒక నిపుణుడు ఒకే ఒక్కటిగా చేసిన వస్తువు.

అదే 1898లో లండన్‌లో పర్సివల్ మార్షల్ ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక ప్రారంభించాడు. పందెం పడవల వరకూ చూస్తే, తర్వాతి యాభై ఏళ్ల పాటు టెస్లా తొట్టికన్నా ఈ పత్రికే ఎక్కువ దారి చూపింది.

తూర్పు లండన్‌లోని విక్టోరియా పార్కు చెరువు దగ్గర 1904లో విక్టోరియా మోడల్ స్టీమ్‌బోట్ క్లబ్బు ఏర్పడింది. ఇప్పటికీ నడుస్తోంది. అక్కడి పాత పందెంలో వేగంతో పని లేదు. పడవను ఇవతలి గట్టున వదిలితే అవతలి గట్టు దగ్గర పాతిన గుర్తుల మధ్యలోంచి తిన్నగా పోవాలి. వదిలాక దాన్ని తాకే వీలు లేదు. చుక్కాని ఎంత వంచాలో, గాలి ఏ వైపు నెడుతుందో ముందే లెక్కగట్టాలి. వేగం మీద మోజున్నవాళ్లు వేరే దారి పట్టారు. చెరువు మధ్య స్తంభం పాతి, దానికి తీగతో పడవను కట్టి వదిలేవారు. గజాల్లో కొలిచిన చుట్టు మీద అది గిరగిరా తిరుగుతుంటే గట్టున ఉన్నవాళ్లు గడియారం పట్టుకుని లెక్కపెట్టేవారు. బ్రిటన్‌లో ఈ క్లబ్బులన్నిటికీ 1924లో మోడల్ పవర్ బోట్ అసోసియేషన్ అనే ఉమ్మడి సంఘం వచ్చింది.

ఆ కాలంలో పడవంటే దాదాపుగా ఇంజనే. నీటిని చుట్టల గొట్టంలోకి పంపి, బ్లోల్యాంపు మంట మీద క్షణాల్లో ఆవిరి చేసి నడిపే యంత్రాలు కొన్ని, పెట్రోలు యంత్రాలు కొన్ని. 30, 15, 10 సీసీ తరగతుల్లో పోటీలుండేవి. ఎడ్గర్ వెస్ట్‌బరీ లాంటి రూపశిల్పులు మోడల్ ఇంజనీర్ పుటల్లో చిన్న ఇంజన్ల డ్రాయింగులు అచ్చువేస్తే, ఇంట్లో లేత్ ఉన్నవాళ్లు పోతలు తెప్పించుకుని సిలిండరు నుంచి పిస్టను దాకా సొంతంగా కోసుకునేవారు. లేత్ లేనివాడు తెలిసిన టర్నర్‌ను బతిమాలాల్సిందే. పడవను ఇంకొకరి చేత చేయించుకోవడానికి తొలి కారణం లోహం కోసే నేర్పు అందరికీ లేకపోవడమే.

1947లో అమెరికాలో రే ఆర్డెన్ గ్లో ప్లగ్గును మార్కెట్లోకి తెచ్చాక ఈ అవసరం చాలావరకు పోయింది. ప్లాటినం తీగ చుట్ట ఒకసారి వేడెక్కితే చాలు, మిథనాల్ ఆవిరి తగిలినంతసేపూ ఎర్రగానే ఉంటుంది. ఇగ్నిషన్ కాయిలు అక్కర్లేదు, ఇంజను నడిచేటప్పుడు బ్యాటరీ అక్కర్లేదు. చిన్న ఇంజన్లు వేలల్లో తయారై చవకయ్యాయి. వాటి ఇంధనంలో మిథనాల్‌తోపాటు నైట్రోమీథేన్, ఇంకా ఆముదం. మినరల్ ఆయిలు మిథనాల్‌లో కలవదు, ఆముదం కలుస్తుంది. మామూలు నూనెల పొర చిరిగిపోయే వేడిలో కూడా ఆముదం పిస్టనును వదలదు. మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల రోటరీ ఇంజన్లకూ దాన్నే వాడారు. క్యాస్ట్రాల్ కంపెనీ పేరు ఆముదం నుంచి వచ్చిందే. ప్రపంచంలో ఆముదాలు ఎక్కువగా పండించేది భారతదేశం. పంటలో మొదటి స్థానం గుజరాత్‌ది, కానీ మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్ట చేలకూ అది తరతరాలుగా తెలిసిన పంట. పాలెం పరిశోధనా కేంద్రంలో, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధనా సంస్థలో ఆముదం వంగడాల మీద ఏళ్లుగా పని జరుగుతోంది. పాతకాలపు పందేల గట్టున నిలబడితే ముక్కుకు తగిలే ఆ కమురు వాసన తెలంగాణ రైతుకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంజను చవకయ్యేసరికి కష్టమంతా రేడియో మీద పడింది. 1950ల తొలినాళ్లలో అమెరికాలో 27.255 మెగాహెర్ట్జ్‌ను పరీక్ష రాయకుండానే వాడుకోనిచ్చారు. అంతకుముందు అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉన్నవాళ్లకే ఆ భాగ్యం. బ్రిటన్‌లో ఈడీ అనే కంపెనీ మోడళ్ల కోసమే రేడియో సెట్లు అమ్మింది. అప్పటి సెట్టుకు ఒకటే మీట. నొక్కితే చుక్కాని కుడికి, వదిలితే మధ్యకు, మళ్లీ నొక్కితే ఎడమకు. చుక్కానిని తిప్పేది మెలిపెట్టిన రబ్బరు బ్యాండు. ఇందాక కుడికి తిప్పామా, ఎడమకు తిప్పామా అన్నది నడిపేవాడు గుర్తుపెట్టుకోవాలి. వాల్వు రిసీవరును ట్యూన్ చేయడం, ఇంజను అదురుకు దాని రిలే వణకకుండా చూడటం, తడి తగలకుండా పెట్టె బిగించడం తెలిసిన మనిషికి ఆ రోజుల్లో క్లబ్బులో ఎంతో గౌరవం. 1960ల్లో ప్రపోర్షనల్ రేడియోలు వచ్చాక, కర్ర ఎంత తిప్పితే చుక్కాని అంతే తిరగడం మొదలయ్యాక, ఆ విద్య కూడా దుకాణాల్లో దొరికే డబ్బాలోకి వెళ్లిపోయింది.

ప్రపోర్షనల్ రేడియో వల్లే అసలైన పోటీ సాధ్యమైంది. అంతకుముందు ఒక్కో పడవనూ విడిగా వదిలి కాలం కొలిచేవారు. ఇప్పుడు అన్నీ ఒకేసారి నీళ్ల మీదికొచ్చాయి. ఐరోపాలో ఒక్కో పందెం అరగంట సాగేది, మధ్యలో ఇంధనం నింపుకోవాలి. 27 మెగాహెర్ట్జ్ పట్టీలో గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం అని ఆరు రంగులు. ఎవరి ఏరియల్‌కు వాళ్ల రంగు జెండా. ఒకే రంగువాళ్లిద్దరు సెట్లు ఆన్ చేస్తే పడవలు చేయి దాటిపోతాయి. 2000ల మధ్యలో 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చేదాకా ఈ జాగ్రత్త తప్పలేదు.

పక్కపక్కనే పది పడవలు పరిగెడుతుంటే, రేడియోలూ ఇంజన్లూ అందరివీ ఒకే రకమైనప్పుడు, తేడా పడవ ఒంట్లోనే కనిపిస్తుంది. పెద్ద పడవల లోకం అప్పటికే ఒక దారి వేసి ఉంచింది. 1950 జూన్ 26న సియాటిల్‌లోని వాషింగ్టన్ సరస్సు మీద స్లో-మో-షన్ 4 అనే హైడ్రోప్లేను గంటకు 160.323 మైళ్ల వేగం అందుకుని, మాల్కం క్యాంబెల్ 1939లో నెలకొల్పిన 141.74 మైళ్ల రికార్డును దాటేసింది. రూపం గీసింది టెడ్ జోన్స్, కట్టింది యాంకర్ జెన్సన్ పడవల కార్ఖానా, యజమాని స్టాన్ సేయర్స్. ముందు రెండు పక్కలా రెండు తేలుడు బుర్రలు, వెనక సగం మునిగిన ప్రొపెల్లరు. వేగమందుకున్నాక నీటిని తాకేవి ఈ మూడు చోట్లే. సియాటిల్‌లో ఇలాంటి పడవలను ఎనిమిదో వంతు కొలతలో కట్టి రేడియోతో పందేలు నడిపే సంప్రదాయం ఇప్పటికీ ఉంది.

చిన్న పడవలు పెద్దవాటిని అనుకరించి అక్కడితో ఆగలేదు. మధ్య ఒంటిని సన్నని దూలంలా చిక్కించి, తేలుడు బుర్రలను గొట్టాల చివర దూరంగా బిగించారు. దాన్ని రిగ్గర్ అంటారు. ఒంటి కింద గాలి చిక్కుకోదు కాబట్టి పడవ తిరగబడే ప్రమాదం తగ్గింది. తిన్నని దారిలో గంటకు 160 కిలోమీటర్లు దాటే రిగ్గర్లున్నాయి. వీటిని ప్లైవుడ్, ఎపాక్సీతో కట్టేవారు. ఒకే ఒళ్లున్న మోనో, జంట ఒళ్లున్న క్యాటమరన్ లాంటివి ఫైబర్‌గ్లాస్‌తో అచ్చుల్లోంచి వచ్చేవి. చేయించుకునే పడవల వృత్తికి స్థిరమైన రూపం వచ్చింది ఇక్కడే. ఇంటి గ్యారేజీలో నాలుగైదు అచ్చులు పెట్టుకున్న మనిషి, వారాంతాల్లో తానే పందేలకు వెళ్లి, గెలిచిన పడవ లాంటిది తోటివాళ్లకు కట్టిచ్చేవాడు. అతని గెలుపే అతని ప్రకటన.

పడవ చేయించుకోవడానికి వచ్చినవాడిని నిపుణుడు ముందు అడిగేది ఏ పందేనికి, ఏ నీళ్ల మీద అని. అమెరికా పందేల్లో పడవలు గడియారపు ముల్లు తిరిగే దిక్కునే తిరుగుతాయి, కాబట్టి మలుపులో నీటిని పట్టుకునే ఫిన్ కుడివైపు ఉండాలి. తర్వాత ఇంజను మాట. జపాన్‌లో గడ్డి కోసే మిషన్ల కోసం పుట్టిన జెనోవా రెండు స్ట్రోకుల ఇంజను నీటితో చల్లబడే సిలిండరుతో పడవల్లోకి వచ్చి, పెట్రోలు తరగతులను ఏలింది. దాని పోర్టులు సానపెట్టి, సైలెన్సర్ పైపు పొడవును మిల్లీమీటర్లలో సర్దేవాళ్లు వేరే ఉంటారు. బరువు కేంద్రం వెనక నుంచి కొలిస్తే పొడవులో దాదాపు మూడో వంతు దగ్గర పడేలా ఇంజను, ట్యాంకు కూర్చోబెడతారు. ఒళ్లు కార్బన్ ఫైబరైతే రేడియో సంకేతం లోపలికి రాదు, ఏరియల్‌ను బయటికి తీయాలి. బోల్తాపడితే మునిగిపోకుండా ముక్కులో ఫోం కుక్కాలి. కొనేవాడికి కనిపించేది పైనున్న రంగే. డబ్బు పలికేది ఈ కనిపించని పనికి.

ఈ వ్యాసం మొదట్లో చెప్పిన ప్రొపెల్లరు పనికి ఇంకా ఎక్కువ ఓపిక కావాలి. ముందంచును కాగితం మందానికి తెచ్చి పదును పెట్టాలి. వెనకంచును కొద్దిగా వంచితే పడవ వెనక భాగం పైకి లేస్తుంది, కోస్తే దిగుతుంది. తర్వాత సన్నని ఇరుసు మీద పెట్టి, బరువైన రెక్క కిందికి దిగకుండా ఎక్కడ ఆపితే అక్కడ నిలిచేదాకా గీకుతూ పోవాలి. బెరీలియం ధూళి పీలిస్తే ఊపిరితిత్తులకు నయం కాని జబ్బు తెస్తుంది. అందుకే తెలిసినవాళ్లు తడిపి రుద్దుతారు, ముఖానికి మాస్కు కట్టుకుంటారు.

బ్రష్‌లెస్ మోటార్లు, లిథియం పాలిమర్ బ్యాటరీలు వచ్చాక ఆముదం వాసన చాలా గట్ల మీద తగ్గింది. పెట్టె తెరిచి, బ్యాటరీ పెట్టి నీళ్లలో వదిలే పడవలు ఎవరైనా కొనుక్కోవచ్చు. అయినా ఆర్డర్లు ఆగలేదు. పోటీకి దిగేవాడికి ఆ పడవ షాఫ్టు కోణం, చుక్కాని బిగింపు, ఒంటి అడుగు అంచులు సరిపోవు. అచ్చులో పోసిన మూలలు ఎప్పుడూ కొంత గుండ్రంగానే వస్తాయి. అడుగు అంచు గుండ్రంగా ఉంటే నీరు ఒంటిని విడిచిపోదు, పట్టుకుని వెనక్కి లాగుతుంది. ఆ అంచును ఎపాక్సీతో నింపి కత్తిలా గీయడం ఇంకా చేత్తోనే చేస్తారు.

ఈ వృత్తిలో ఆస్తి అంటే అచ్చులే. వయసు మీదపడి పని మానేసేవాడు వాటిని మరొకరికి అమ్ముతాడు. పేరున్న ఒంటి రూపమైతే ఆ పేరు కూడా అచ్చుతోపాటే చేతులు మారుతుంది. అచ్చు కొన్నవాడు దాన్ని తుడిచి, పాలిష్ పెట్టి, మొదటి పడవను తన కోసం తీసుకుని చెరువులో తిప్పి చూస్తాడు. షాఫ్టు ఎత్తు, కోణం, ప్రొపెల్లరు సంఖ్య కాగితం మీద రాసిపెట్టుకుంటాడు. ఆ అంకెలు కుదిరాకే బయానాలు పుచ్చుకుంటాడు.