డాక్టరు బల్ల మీది పట్టీకీ లైసెన్సే

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టడానికి చేసేది పాప్ స్మియర్ పరీక్ష. అమెరికాలో దాన్ని కొన్ని ల్యాబులు ఎంత నాసిరకంగా చేస్తున్నాయో 1987లో వాల్ స్ట్రీట్ జర్నల్ విలేకరి వాల్ట్ బొగ్డానిచ్ బయటపెట్టాడు. నమూనా పూసిన గాజు స్లైడుకింత అని కూలి కట్టి, చూసేవాళ్ల కళ్లు కాయలు కాచేలా చూపించేవారు. ఏమీ లేదన్న రిపోర్టు నమ్మి ఇంటికెళ్లిన ఆడవాళ్లలో కొందరికి క్యాన్సర్ ముదిరింది. ఆ కథనాలకు మరుసటేడు పులిట్జర్ బహుమతి వచ్చింది.

చట్టం అంతకుముందూ లేకపోలేదు. 1967 నాటిది ఒకటుంది గానీ, అది పట్టించుకున్నది ప్రధానంగా ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి నమూనాలు తెప్పించుకునే ల్యాబులనే. అమెరికా కాంగ్రెస్ ఈసారి ఆ సందు మూసేసింది. 1988 అక్టోబరు 31న అధ్యక్షుడు రీగన్ సంతకంతో వచ్చిన కొత్త చట్టాన్ని అందరూ ‘క్లియా’ అంటారు. స్లైడులు చూసేవాళ్లకు రోజుకు గరిష్ఠంగా వంద అన్న హద్దు దాని కిందే వచ్చింది.

చిక్కల్లా మరోచోట వచ్చింది. జబ్బు తెలుసుకోవడానికి మనిషి నమూనాను ఎక్కడ పరీక్షించినా అది ల్యాబే అంది చట్టం. దాంతో పల్లెటూరి డాక్టరు వెనకగదిలో మూత్రంలో ముంచే రంగుల పట్టీ కూడా కేంద్ర ప్రభుత్వ లెక్కలోకొచ్చింది. 1990లో ముసాయిదా నిబంధనలు బయటికి రాగానే ఉత్తరాలు వేలకువేలుగా వచ్చిపడ్డాయి. డాక్టర్ల గోలలో న్యాయముంది. తప్పు చేసింది స్లైడుల కార్ఖానాలైతే, కాగితాల బరువు తమ నెత్తినా పడుతోంది.

ఆ ముడి విప్పే మాట చట్టంలోనే ఉంది: తప్పు ఫలితమొచ్చే ప్రమాదం లెక్కలోకి రానంత తేలిక పరీక్షలకు మినహాయింపు. ఇంట్లో వాడుకోవడానికి అనుమతి పొందిన పరీక్షలూ ఆ కోవలోకే వస్తాయి. రోగి తన వంటింట్లో చేసుకోగలిగిన చక్కెర పరీక్షను డాక్టరు చేయకూడదనడం విడ్డూరం కదా! 1992 నిబంధనల్లో ఇలాంటివి ఎనిమిదే: మూత్రపు పట్టీ, గర్భనిర్ధారణ, మలంలో దాగిన రక్తం, గ్లూకోమీటరుతో చక్కెర వగైరా. హిమోగ్లోబిన్ కొలిచే చిన్న యంత్రం వెంటనే తొమ్మిదోదైంది. వీటికి కావలసింది రెండేళ్లకోసారి రుసుము కట్టి తీసుకునే మినహాయింపు ధ్రువపత్రం, కిట్టు తయారుచేసినవాళ్ల సూచనలను తు.చ. తప్పక పాటించడం. అంతే.

నాకు ఆసక్తిగా తోచేది ఆ తర్వాతి మలుపు. మినహాయింపు దొరికితే వేలాది క్లినిక్కుల తలుపులు తెరుచుకుంటాయి కాబట్టి, కంపెనీలు ఆ గీత లోపల ఇమిడేలా పరీక్షలను తయారుచేయసాగాయి. గీతే యంత్రాలను మలిచిందన్నమాట. వేలి రక్తపు చుక్కతో హెచ్‌ఐవీని పట్టే ఓరాక్విక్‌కు 2002లో అనుమతి, 2003లో మినహాయింపు దక్కాయి.

ఈలోగా కొన్ని రాష్ట్రాల్లో అధికారులు ఈ చిన్న క్లినిక్కులకు వెళ్లి చూశారు. సూచనల కాగితమే లేని చోట్లు కొన్ని తేలాయి. పాటించాల్సింది ఆ కాగితాన్నే! అయినా మామూలు తనిఖీల నుంచి మినహాయింపు అలాగే కొనసాగింది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే తప్ప సాధారణంగా అక్కడికి ఎవరూ వెళ్లరు.