పన్నెండంగుళాల తరువాత ఏది?

చర్చి క్వైర్‌లోనో కాలేజీ బ్యాండ్‌లోనో ఏడాది రెండేళ్లు డ్రమ్స్ వాయించిన ప్రతి కుర్రాడికీ ఒక కోరిక పుడుతుంది, కిట్‌కి ఇంకో డ్రమ్ చేర్చాలని. కొట్టుకి వెళితే 10, 12, 13, 14, 16 అంటూ అంగుళాల లెక్క చెబుతారు. 8 నుంచి 18 దాకా ఉన్న ఈ వరసలో 11 ఎందుకు కనబడదు, 15 ఎందుకంత అరుదు అని అడిగేవాళ్లు తక్కువ. ఈ కొలతల్ని ఏ శాస్త్రజ్ఞుడూ కూర్చుని లెక్కగట్టలేదు. ఒక్కో కాలంలో ఒక్కో బ్యాండుకు ఏది అవసరమైతే అది నిలిచింది. ఆ కథ తెలుసుకుంటే ఏ డ్రమ్ కొనాలన్న ప్రశ్న సగం తేలిపోతుంది.

మన పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం చూడండి. సైడ్ డ్రమ్ ఒకరిది, పెద్ద డ్రమ్, అంటే బేస్ డ్రమ్, ఇంకొకరిది. అమెరికాలోనూ మొదట అంతే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో నాటకశాలల్లో స్థలం చాలక, జీతాలకు డబ్బు చాలక, రెండింటినీ ఒకరే వాయించడం మొదలైంది. 1909లో షికాగోలో లుడ్విగ్ సోదరులు పనికొచ్చే పెడల్ ఒకటి తయారుచేసి అమ్మకానికి పెట్టారు. పెద్ద డ్రమ్ పని కాలికి పోయింది, చేతులు ఖాళీ అయ్యాయి. ఆ చేతులు వెతుక్కున్న వాటిలో మొదటివి చైనా నుంచి దిగుమతైన టామ్‌లు. చెక్క పీపా, దానిమీద రంగు రంగుల బొమ్మలు, రెండు వైపులా పంది తోలు, చుట్టూ మేకులు. న్యూ ఆర్లీన్స్ తొలి జాజ్ వాద్యకారుల్లో పేరున్న బేబీ డాడ్స్ తరంవారు వీటినే వాయించారు. చేతికి ఏది చిక్కితే అదే కొలత. మేకులు కొట్టిన తోలు కాబట్టి శ్రుతి పెంచడం, దించడం వీలుకాదు.

తేమ పట్టిన రోజున తోలు జారిపోయేది. మన డప్పు కళాకారులు చితుకుల మంట దగ్గర డప్పును కాచి బిగువు తెచ్చుకుంటారు. అమెరికా డ్రమ్మర్లు బేస్ డ్రమ్ లోపల కరెంటు బల్బు పెట్టుకునేవారు. వేడికి తోలు బిగిసేది, ముందు తోలు మీద వేయించిన బొమ్మ కూడా వెలిగేది. ఆనాటి ఫొటోల్లో సరస్సులు, కొండలు గీసిన బేస్ డ్రమ్‌లు కనబడడానికి కారణం కొంతవరకు ఈ బల్బే.

కొలతలకు ఒక రూపం తెచ్చినవాడు జాజ్ డ్రమ్మర్ జీన్ క్రూపా. 1930లలో బెన్నీ గుడ్‌మన్ బ్యాండులో వాయిస్తూ, పైతోలు, కింది తోలు రెంటినీ విడివిడిగా స్క్రూలతో బిగించుకునే టామ్‌లు కావాలని స్లింగర్‌లాండ్ కంపెనీ చేత చేయించుకున్నాడు. మేకులు పోయాయి. శ్రుతి పూర్తిగా వాయించేవాడి చేతిలోకి వచ్చింది. 1937లో రికార్డయిన ‘సింగ్, సింగ్, సింగ్’లో అతని ఫ్లోర్ టామ్ (నేలమీద నిలిపే పెద్ద టామ్) మోత వినండి. అంతవరకు పక్కన అలంకారంగా ఉన్న టామ్ అందులో పాటను నడిపిస్తుంది. బేస్ డ్రమ్ మీద 13 అంగుళాల టామ్ ఒకటి, కుడిపక్కన నేలమీద 16 అంగుళాలది ఒకటి. క్రూపా పెట్టుకున్న ఈ జతే పెద్ద బ్యాండులకు ప్రమాణమైంది. అంతమంది బాకాలూ శాక్సఫోన్లూ ఊదుతుంటే, డ్రమ్‌లకు మైకులు పెట్టని రోజుల్లో, అంత డ్రమ్ ఉంటేనే హాలు చివరిదాకా వినబడేది.

రెండో ప్రపంచయుద్ధం తరువాత పెద్ద బ్యాండులు చెదిరిపోయి, జాజ్ చిన్న క్లబ్బుల్లోకి మారింది. నలుగురైదుగురు వాయించే చోట 16 అంగుళాల టామ్ మరీ పెద్దదైంది. మ్యాక్స్ రోచ్, తరువాత టోనీ విలియమ్స్ వంటి డ్రమ్మర్ల చేతుల్లో 12, 14 జత స్థిరపడింది. ఆ టోనీ విలియమ్సే తరువాతి కాలంలో రాక్ ధాటి కావాలనుకున్నప్పుడు 13, 14 పైన పెట్టి, 14, 16, 18 నేలమీద నిలిపాడు. మనిషి అతనే, చేతులు అవే. బ్యాండు మారింది, అంగుళాలు మారాయి.

1963లో బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ లండన్‌లో లుడ్విగ్ కిట్ కొన్నాడు. అది 12, 14 జతే. అతన్ని ఆకట్టుకుంది నలుపు, ముత్యం కలిసిన ఆ రంగు అని చెబుతారు. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టీవీలోని ఎడ్ సలివన్ షోలో బీటిల్స్‌ను దాదాపు 7 కోట్ల 30 లక్షల మంది చూశాక, అలాంటి కిట్ కోసం కుర్రాళ్లు ఎగబడ్డారు. తరువాత 1968లో రింగో తీసుకున్న కిట్ మన కథకు ఇంకా ముఖ్యం. అందులో బేస్ డ్రమ్ మీద 12, 13 రెండు టామ్‌లు, నేలమీద 16. బీటిల్స్ ‘ది ఎండ్’ పాటలో అతను వాయించిన సోలో ఆ కిట్ మీదిదే. ఇవాళ మన కొట్లలో అయిదు డ్రమ్‌ల కిట్ అంటే చాలాచోట్ల చూపించే వరస కూడా ఇదే.

ఈలోగా తోలు పోయి ప్లాస్టిక్ వచ్చింది. 1950ల చివర్లో ఎవాన్స్, రెమో కంపెనీలు తెచ్చిన ఆ స్కిన్‌లు వానకు జారవు, ఎండకు చిట్లవు. శ్రుతి నిలుస్తుందన్న భరోసా వచ్చాకే డ్రమ్‌ల సంఖ్య జోరుగా పెరిగింది. లాస్ ఏంజెలిస్ స్టూడియోల్లో వందల పాటలకు వాయించిన హాల్ బ్లేన్, ఒకవైపే స్కిన్ ఉన్న టామ్‌లను వరసగా పేర్చుకున్నాడు. ఆ దారిలోనే లుడ్విగ్ ‘ఆక్టా ప్లస్’ పేరుతో 6 నుంచి 16 దాకా ఎనిమిది టామ్‌ల కిట్ అమ్మింది. 1978లో టామా కంపెనీ తెచ్చిన ఆక్టోబాన్లు మరీ విచిత్రం. ఎనిమిది గొట్టాలూ 6 అంగుళాల వెడల్పువే, పొడవులు మాత్రం వేరువేరు. మామూలు టామ్‌లో శ్రుతిని ప్రధానంగా నిర్ణయించేది వెడల్పు, స్కిన్ బిగువు. లోతు మోతను, నాదం నిలిచే తీరును మారుస్తుంది. ఆ సన్నటి గొట్టాల్లో మాత్రం లోపలి గాలి స్తంభమే స్వరాన్ని శాసిస్తుంది.

సంగీతం తెలిసిన పాఠకులకు ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. ఒకే రకం స్కిన్‌ను ఒకే బిగువుతో బిగిస్తే వెడల్పు పెరిగిన నిష్పత్తిలో స్థాయి తగ్గుతుంది. 16 అంగుళాల టామ్‌ను షడ్జం అనుకుంటే 8 అంగుళాలది తార షడ్జం, 12 అంగుళాలది శుద్ధ మధ్యమం. 12ను షడ్జం చేసుకుంటే 10 సాధారణ గాంధారం. 13ను షడ్జం చేసుకుంటే 12 శుద్ధ రిషభాన్ని కాస్త దాటుతుంది, అంతే. అసలు డ్రమ్‌కి రెండు స్కిన్‌లుంటాయి, వాటి బిగువులూ వేరు, కాబట్టి ఇది దారి చూపే లెక్కే. అయినా 12, 13 రెండూ ఎందుకు ఒకేలా మోగుతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇంకో సంగతి. మృదంగం, తబలాల నల్లటి ముద్ద వల్ల వాటి అనుస్వరాలు క్రమబద్ధంగా కుదురుతాయని సి.వి. రామన్ 1920లో ‘నేచర్’ పత్రికలో చూపించాడు. టామ్‌కు ఆ ముద్ద లేదు. అందుకే దాని స్వరం చెవికి స్పష్టంగా అందదు, పక్కదానికంటే ఎంత హెచ్చో ఎంత తగ్గో మాత్రం అందుతుంది. టామ్ ఎంపికలో చూడాల్సింది ఈ అంతరాన్నే.

ఇక కొనేవారి సంగతి. మీ దగ్గర 12, 16 ఉంటే మధ్యలో పెద్ద ఖాళీ ఉంది. 14 అంగుళాల ఫ్లోర్ టామ్ తెచ్చి 16 పక్కన నేలమీదే పెట్టండి. పైన ఒక్క టామే ఉంటే రైడ్ సింబల్ చేతికి దగ్గరగా ఉంటుంది, భుజం నొప్పి పుట్టదు. 12, 13, 16 ఉన్నవాళ్లు 13ను పక్కనబెట్టి దాని స్థానంలో 14 తెచ్చుకోవడం మేలు. 10, 12, 14 ఉన్నవాళ్లకు 16 కావాలి. 18 రాక్ డ్రమ్మర్ జాన్ బోన్‌హామ్‌కు నప్పింది, ఎందుకంటే అతని బేస్ డ్రమ్ 26 అంగుళాలు, వాయించింది పెద్ద పెద్ద వేదికల మీద. చిన్న మందిరంలో 18 మోత బేస్ గిటార్‌లో కలిసిపోయి పాటను బురద చేస్తుంది. 15, 18లకు స్కిన్ చిరిగితే వెతుక్కోవడం కూడా పెద్ద పనే. 14కు ఆ బాధ లేదు. స్నేర్ డ్రమ్‌లు ఎక్కువగా 14 అంగుళాలవే కాబట్టి ఆ కొలత స్కిన్ చాలా కొట్లలో ఉంటుంది.

డబ్బు కట్టేముందు, తెలిసిన బ్యాండు నుంచి ఒక్కరోజుకి ఆ డ్రమ్ అడిగి తెచ్చుకోండి. హాలు చివర ఒక మిత్రుణ్ణి కళ్లు మూసుకుని కూర్చోమని, పైనుంచి కిందికి రోల్ వాయించండి. ఎన్ని డ్రమ్‌లు వినబడ్డాయో అడగండి. నాలుగు వాయిస్తే మూడే అన్నాడంటే ముందు ట్యూనింగ్ సరిచేయండి. మళ్లీ మూడే అంటే ఆ కొలత మీది కాదు. కొత్త టామ్‌ను పైన బిగించడానికి బేస్ డ్రమ్‌కు రంధ్రం మాత్రం చేయించవద్దు, విడి స్టాండు కొనుక్కోండి. ఇంత చేసినా తేల్చుకోలేకపోతే 14 అంగుళాల ఫ్లోర్ టామ్ తీసుకోండి.