సలహా: మాట వెనుక కథ

మేలు, సవ్యత అనే అర్థాలున్న ‘సలాహ్’ అనే అరబీ పదం పారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చి ‘సలహా’గా స్థిరపడగా, నవాబులు ఏలిన కడపలోనూ, 1839 వరకు వారి పాలన సాగిన కర్నూలులోనూ ఇటువంటి దర్బారు మాటలు జనవ్యవహారంలో కలిసిపోయాయి. వాడుకలో సలహాను పాటించవచ్చు, పెడచెవిన పెట్టవచ్చు. రాజ్యాంగంలో మాత్రం, 1976 నాటి 42వ సవరణ స్పష్టం చేసినట్లు, మంత్రిమండలి సలహాకు రాష్ట్రపతి కట్టుబడాలి. ముందస్తు నిర్బంధాన్ని, అంటే నేరవిచారణ లేని నిర్బంధాన్ని, 3 నెలలకు మించి పొడిగించడానికి తగిన కారణం ఉందో లేదో 22వ అధికరణం కింద ‘సలహా మండలి’ తేలుస్తుంది. అడగకుండా చెప్పే మాటను జనం ‘ఉచిత సలహా’ అని ఎగతాళి చేసినా, కర్నూలు, కడప జిల్లాల న్యాయసేవాధికార సంస్థలు 1987 నాటి చట్టం కింద అర్హులకు అందించే ఉచిత న్యాయసలహా చట్టబద్ధమైన హక్కు.