అరచేతి చెమట, ఛాతీలోని నాడి

పరీక్ష హాలులో జవాబు పత్రం మీద చేతిరుమాలు పరచుకొని, దాని మీద చెయ్యి ఆనించి రాసినవాడిని నేను. లేకుంటే సిరా అలుక్కుపోయేది. నా పందొమ్మిదో ఏట ఒక వైద్యుడు దీనికి శస్త్రచికిత్స ఉన్నదన్నారు. దాని చరిత్ర చదివింది మాత్రం ఎన్నో ఏళ్ళ తరువాత. ఆ చికిత్స అసలు చెమట కోసం పుట్టినది కాదట!

వెన్నెముకకు ఇరుపక్కలా గొలుసులా సాగే సహానుభూత నాడులు రక్తనాళాలను బిగిస్తాయి, స్వేదగ్రంథులకు ఆజ్ఞలిస్తాయి. (నా అరచేతుల పట్ల వాటికి సానుభూతి ఏ కోశానా లేదు.) 1850ల తొలినాళ్ళలో ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్ కుందేలు మెడలో ఈ నాడిని కోసి, ఆ వైపు చెవి వెచ్చబడటం గమనించాడు. ఇక శస్త్రవైద్యులకు ఆశ పుట్టింది. 1889లో విలియం అలెగ్జాండర్ మూర్ఛకు, 1916లో బుకారెస్టులో తోమా యోనెస్కు గుండెనొప్పికి ఈ నాడీకణుపులను తొలగించారు. 1920లో కొట్జారెఫ్ ఒకవైపే పట్టే అతిచెమటకు కుడి మెడ నాడిలో కొంత భాగం తీసివేశాడు. చెమట కోసం కత్తి పట్టిన మొదటివాడిగా ఆయన్నే చెబుతారు.

అరచేతులను శాసించే కణుపులు ఛాతీలో, పక్కటెముకల మొదళ్ళ దగ్గర ఉంటాయి. అక్కడికి చేరాలంటే మెడనో వీపునో చంకనో కోయాలి. 1910లో స్వీడన్ వైద్యుడు యాకోబేయుస్ ఛాతీలోకి చూపే గొట్టాన్ని ప్రవేశపెట్టాడు, క్షయరోగుల కోసం. ఇన్స్‌బ్రుక్‌లో ఎర్విన్ కుక్స్ ఆ మార్గంలోనే నాడులను కోసి, 1954లో పుస్తకం ప్రచురించాడు. అయినా విస్తృతంగా వాడుకలోకి రావడానికి 1990ల వీడియో కెమెరాలు కావలసివచ్చాయి. రెండు మూడు చిన్న గాట్లు, కొద్దిసేపటి పని. మేలుకొనేసరికి అరచేయి పొడిగా, వెచ్చగా ఉంటుంది.

అయితే చాలామందికి కొన్నాళ్ళకు వీపు, పొట్ట, తొడలు తడవసాగాయి. దీనిని పరిహార స్వేదం అనవచ్చు. కొందరికి అది మొదటి బాధను మించిపోయింది. తెగిన నాడిని తిరిగి అతకడం దాదాపు అసాధ్యం. కోయకుండా క్లిప్పుతో నొక్కే పద్ధతి వచ్చినా, క్లిప్పు తీస్తే పూర్వస్థితి వస్తుందన్న హామీ లేదు. 2004లో తైవాన్ ఆరోగ్యశాఖ ఇరవై ఏళ్ళు నిండనివారికి ఈ చికిత్సను నిషేధించింది.

ఆ వయోపరిమితి దగ్గర కాసేపు ఆగిపోయాను. నేను ఆపరేషను చేయించుకోకపోవడానికి కారణం వివేకం కాదు, ఇంట్లో డబ్బు లేకపోవడం. చేతిరుమాలు ఇప్పటికీ జేబులోనే ఉన్నది.