వరి డీఎన్ఏను చదివే బ్యాక్టీరియా

మిరప, టమాటా ఆకుల మీద మచ్చలు తెచ్చే జాంథోమోనాస్ బ్యాక్టీరియా నుంచి ఏవీఆర్‌బీఎస్3 అనే జన్యువును ఉల్లా బోనాస్, ఆమె సహచరులు వేరుచేశారు. ఆ సంగతి 1989లో ప్రచురితమైంది. దాని ప్రోటీన్ మాత్రం ఓ పట్టాన కొరుకుడు పడలేదు. నడుమ 34 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి పదిహేడున్నర సార్లు వరసగా వస్తోంది. ముక్కలన్నీ దాదాపు ఒకటే. తేడా ముఖ్యంగా 12, 13 స్థానాల్లోనే. దాని గుట్టు విప్పడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఈలోగా ప్రోటీన్ పని మాత్రం బయటపడింది. బ్యాక్టీరియా దాన్ని సూదిలాంటి నాళంతో మొక్క కణంలోకి ఎక్కిస్తుంది. అది కేంద్రకంలో దూరి, మొక్క డీఎన్ఏనే పట్టుకుని, తనకు కావలసిన జన్యువును మేల్కొలుపుతుంది. అలా యూపీఏ20 జన్యువు మేల్కొని మిరప కణాలు ఉబ్బుతాయని 2007లో తేలింది. కొన్ని మిరప రకాలు ఇంకా గడుసువి. బీఎస్3 అనే జన్యువు ముందు అదే పట్టు చూపించి కాచుక్కూర్చుంటాయి. ప్రోటీన్ వచ్చి వాలిందా, ఆ కణమే చచ్చిపోతుంది. రోగం అక్కడితో ఆగుతుంది.

2009లో జర్మనీలోని హాలేలో యెన్స్ బాక్, బోనాస్, అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో మాథ్యూ మాస్కూ, ఆడమ్ బొగ్డానోవ్ విడివిడిగా ఒకే జవాబుకొచ్చారు. ఒక్కో ముక్క డీఎన్ఏలో ఒక్కో అక్షరాన్ని పట్టుకుంటుంది. ఏ అక్షరమన్నది ఆ 12, 13 స్థానాలే తేలుస్తాయి.

వరికి ఎండాకు తెగులు తెచ్చేదీ జాంథోమోనాసే. దాని రకాలు కొన్ని ఇలాంటి ప్రోటీన్లతోనే స్వీట్11 జన్యువును మేల్కొలుపుతాయి. కణంలోని చక్కెరను బయటికి పంపే ప్రోటీన్ ఆ జన్యువుదే. అంటే తన విందు వరిచేతే వడ్డింపించుకుంటుందన్నమాట! స్వీట్11 ముందున్న డీఎన్ఏ అక్షరాలు మారిన వరిలో ఆ పట్టు దొరకదు. బ్రీడర్లు ఎక్స్‌ఏ13 అని పిలిచేది ఈ మార్పునే.

విచిత్రమేమంటే, ఈ అక్షరాల గుట్టు తెలియడానికి ఏడాది ముందే విరుగుడు తెలుగు పొలాల గడప దాకా వచ్చేసింది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరికి, అదే మన బీపీటీ 5204కి, ఎండాకు తెగులంటే గండమే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన డైరెక్టరేట్ కలిసి ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు నిరోధక జన్యువులనూ అందులో చేర్చాయి. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైంది.

ఎక్స్‌ఏ13 ఒక్కటే చాలదు. స్వీట్11 చిక్కని చోట కొన్ని బ్యాక్టీరియా రకాలు స్వీట్14ను లేపి చక్కెర రాబట్టుకుంటాయి. అందుకే తోడు కావాలి. ఎక్స్‌ఏ21 కణం పైపొరలో ఉండి బ్యాక్టీరియాను గుర్తుపడుతుంది. కేంద్రకంలోకి చొరబడిన ప్రోటీన్‌కు అక్కడ ఆసరా దొరక్కుండా చేసేది ఎక్స్‌ఏ5.