గురుపుత్రుని హార్మోనియం

పెదకాకాని మల్లేశ్వరస్వామి తిరునాళ్ళలో మైకునుండి వచ్చే ఘంటసాల కంఠం వింటూ పెరిగినవారు మన గుంటూరు సీమలో ఎందరో. ఆయన కచేరీలలో ఆ కంఠం ప్రక్కనే హార్మోనియం మెట్లపై కదలిన వ్రేళ్ళు ఎవరివని అడిగినవారు మాత్రం అరుదు. అవి పట్రాయని సంగీతరావుగారివి.

1922లో చౌటపల్లిలో జన్మించిన ఘంటసాల సంగీతంపై మక్కువతో విజయనగరం చేరి, మధుకరంతో కడుపు నింపుకొంటూ, పట్రాయని సీతారామశాస్త్రిగారి వద్ద విద్య నేర్చారు. హార్మోనియం తామే వాయించుకొంటూ పాడటం శాస్త్రిగారి ప్రత్యేకత. గమకం పలకని పెట్టె అని విద్వాంసులు ఈసడించిన వాద్యమది. మా రేడియో సైతం 1940 మొదలు సుమారు ముప్పై యేళ్ళు దానిని గడప తొక్కనీయలేదు! శాస్త్రిగారి కుమారుడే సంగీతరావు. ఘంటసాలకంటె రెండేళ్ళు పెద్ద.

కాలం వరుసలను తారుమారు చేసింది. 1951లో ‘పాతాళభైరవి’తో ఘంటసాల బాణీలు ఇంటింటా మ్రోగాయి. అనంతర కాలంలో గురువుగారి కుమారుడు మద్రాసు చేరి శిష్యుని బృందంలో సహాయకులైనారు. ఇది సున్నితమైన సంబంధం. ఒకరికి గురుఋణం, మరొకరికి జీవనోపాధి. ఏ ఒక్కరు కొంచెం బిగుసుకొన్నా తెగిపోయేది. తెగలేదు. ఉస్మాన్ రోడ్డు 35వ నంబరు ఆవరణలోనే సంగీతరావు కుటుంబమూ కాపురమున్నది. రెండు దశాబ్దాలు ఒకే ప్రాంగణంలో మెలగడం వేదికపై ప్రక్కప్రక్కన కూర్చున్నంత సులభమని నేననుకోను.

ఇటువంటి జంట అమెరికాలోనూ ఉన్నది. శాక్సోఫోన్ వాద్యకారుడు హారీ కార్నీ 1927లో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంలో చేరి కడదాకా విడువలేదు. కచేరీల నిమిత్తం ఊరూరా నాయకుని తన కారులో తానే తీసుకొనిపోయేవాడు. 1974 మే నెలలో ఎల్లింగ్టన్ మరణించగా, అక్టోబరులో కార్నీ కన్నుమూశాడు.

ఘంటసాల అస్తమించినదీ 1974లోనే, ఫిబ్రవరి 11న. సంగీతరావు మాత్రం ఆపైన నలభైయేడు సంవత్సరాలు జీవించారు. వెంపటి చినసత్యంగారి కూచిపూడి నృత్యనాటకాలు అనేకం ఆయన స్వరరచనతో రంగమెక్కినవే. ఆ నాటకాలు చూచినవారికి ఆయన ఎవరి సహాయకుడో గుర్తుచేయనక్కరలేదు. అయినా మిత్రుని గానాన్ని గురించి కలం పట్టడం ఆయన మానలేదు. నూరేళ్ళు నిండిన పిమ్మట, 2021 జూన్‌లో, చెన్నైలో దివంగతులైనారు.